వాటాకు రాని ఎండ

టమాటా మొక్కలకి మాత్రం తమను పెంచినవాడు పోయిన సంగతి తెలిసినట్టు లేదు. అతను పాతిన కర్రలను పట్టుకుని, అతను పురికొసతో వేసిన ముడుల దగ్గర కాస్త వంగి, పెరడంతా ఎర్రగా కాసి కూర్చున్నాయి. చిన్నకోడలు గంప పట్టుకుని వాటి మధ్యకి వెళ్ళి చాలాసేపు ఏమీ కొయ్యకుండా నిలబడింది. ఆకులకు చెయ్యి తగిలితే లేచే ఆ పచ్చివాసన భర్త చొక్కాలకు ఎప్పుడూ ఉండేది. పగలంతా ప్రెస్సులో పనిచేసి వచ్చినా, సిరా వాసన కంటే ముందు అదే తెలిసేది.

"అమ్మో, ఎన్ని కాశాయో! కర్రలు కూడా విరిగేట్టున్నాయి," అంది గోడ అవతలి నుంచి ఇస్త్రీ పిన్ని. పెట్టె వేడెక్కేలోపు గోడ మీదుగా తొంగిచూసి నలుగురి మంచిచెడ్డలూ కనుక్కోవడం ఆవిడకి అలవాటు. "ఇన్ని ఏం చేసుకుంటావే? వీధిలో తలా కాసిని పంచిపెట్టెయ్యి. పుణ్యమూ వస్తుంది, చాకిరీ తప్పుతుంది."

"ఎండబెడతాను పిన్నీ. ఆయన ఏటా ఎండబెట్టేవారు."

"ఎక్కడ? ఈ నూతిలోనా?"

ఆ మాట నిజమే. మూడు పక్కల గోడలు, నాలుగో పక్క రెండంతస్తుల ఇల్లు. ఆకాశం అడుగునున్నట్టుండే ఆ పెరడు కిందివాటా. పైవాటాకు డాబా వచ్చింది. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు అదొక లెక్కలోకి రాలేదు. లోపల మెట్లున్నాయి, ఎవరికి కావలసినప్పుడు వాళ్ళు ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు. తర్వాత ఒక వేసవిలో నీళ్ళు తగ్గాయి. నీ మొక్కలు తాగడానికా నేను మోటారు వేసేది అని అన్న అన్నాడు. నువ్వు తినేటప్పుడు అవి మొక్కలు కావా అని తమ్ముడు అన్నాడు. అంత చిన్న మాట ముదిరి ముదిరి, పైమెట్టు దగ్గర అన్న తలుపు పెట్టించి తాళం వేశాడు. నాకు మాత్రం చేతులు లేవా అంటూ తమ్ముడు కింద, వంటింటి పక్క నడవలో, కటకటాల తలుపుకు ఇంకో తాళం వేశాడు. పైవాళ్ళు వీధి వైపు ఇనుప మెట్లు పెట్టించుకున్నారు. ఆ మెట్లు నిచ్చెనకు ఎక్కువ, మెట్లకు తక్కువ.

"పోనీ మీ బావగార్ని అడగరాదూ? డాబా ఏమన్నా అరిగిపోతుందా?"

చిన్నకోడలు ఒక పండు తుంచి అరచేతిలో తిప్పి చూసింది.

"ఆయన్నా? తమ్ముడు చాపమీదుంటే, నా దగ్గరకొచ్చి తాళంచెవులడిగిన మనిషి. ఆయన్ని నేను ఎండ అడగాలా?"

"అదీ నిజమేలే. మేమంతా అక్కడే ఉన్నాంగా. ఇంకా శవం లేవందే తాళాల గొడవేంటో మాకూ అర్థం కాలేదు. ఆయన సంగతి పోనీ, పైనున్న మీ ముసలి అత్తయినా దిగొచ్చిందా? కన్నపేగు కదా."

"వదిలెయ్ పిన్నీ."

పిన్ని వదిలేసింది కానీ, చిన్నకోడలి మనసులో ఆ రెండు విషయాలూ పంటికింద రాయిలా అలాగే ఉన్నాయి. భర్త పోయాడన్నదానికి ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి లేదు. పనిలో ఉండగా గుండె ఆగింది, అంతే. కోపానికి దొరికినవి ఈ రెండే.

కోసిన పళ్ళను కడిగి, ఒక్కొక్కటే గుడ్డతో తుడిచింది. తడి మిగిలితే చెడతాయని భర్త అనేవాడు. అతను ఈ పని చేస్తున్నప్పుడు ఆమె కుట్టుమిషను మీద నుంచి తల తిప్పి చూసేదే తప్ప, ఎప్పుడూ చెయ్యి పెట్టలేదు. చూసింది గుర్తు తెచ్చుకుంటూ ఒక్కో పండునూ నిలువునా రెండు చెక్కలు చేసింది. బొటనవేలు పెట్టి గింజలు, జారు తీసేసింది. కోసిన వైపు పైకి ఉండేలా దోమతెర చట్రాల మీద పేర్చింది. ఆ చట్రాలు అతను ప్రెస్సులో పనికిరాని చెక్కలు ఏరుకొచ్చి చేసుకున్నవే. కిందటేడు వాటిని సైకిలు వెనక కట్టుకుని ప్రెస్సు డాబా మీదికి మోసుకెళ్ళేవాడు. సొంత ఇంటి మీద ఎండ పెట్టుకుని ఊరి మీద పడ్డావని తోటివాళ్ళు ఏడిపించేవాళ్ళట. ఉప్పు జల్లుతున్నప్పుడు వేలి పక్కన సూది గుచ్చుకున్న చోట చురుక్కుమంది. అన్నిటి మీదా పల్చటి గుడ్డ కప్పింది.

పెరట్లోకి ఎండ చాలా పొద్దెక్కాక గాని రాదు. వచ్చినా ఒక పట్టీలా గోడవార దిగి, నేల మీద నడుచుకుంటూ పోయి, భోజనాల వేళ దాటగానే ఇంటి నీడలో కలిసిపోతుంది. ఆమె స్కూలు యూనిఫారాలు కుడుతోంది. ఒక కాలరు తిప్పడం, లేచి వెళ్ళి చట్రాలు జరపడం, మళ్ళీ వచ్చి ఇంకో కాలరు. ఎండ ముందు, ఆమె వెనక. సాయంత్రం ముట్టుకుని చూస్తే చెక్కల అంచులు కాస్త ముడుచుకున్నాయి. మధ్యలో మాత్రం ఇంకా తడిగానే ఉన్నాయి. ఇంట్లోకి తెచ్చి బల్ల కింద పెట్టుకుంది.

మర్నాడూ అదే పని.

"అమ్మాయ్, ఎండ అటు పోయింది. అటు జరుపు."

పైనుంచి వచ్చిన ఆ గొంతు విని ఆమె చేతులు ఆగాయి. అత్తగారు. డాబా పిట్టగోడ మీద మోచేతులు ఆనించి చూస్తోంది. భర్త పోయిన తర్వాత ఆ గొంతు వినడం అదే మొదటిసారి. చిన్నకోడలు తలెత్తలేదు. జరపబోతున్న చట్రాన్ని కూడా ఉన్నచోటే వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది. మిషను ముందు కూర్చుంది గాని దారం ఎక్కించలేకపోయింది. కాసేపటికి వెళ్ళి చూస్తే చట్రాలన్నీ నీడలో ఉన్నాయి.

ఆ మొండితనానికి ఫలితం మర్నాడు పొద్దున్నే తెలిసింది. గుడ్డ ఎత్తగానే పుల్లటి కంపు వచ్చింది. చెక్కల మధ్య తెల్లగా, నూగులాగా బూజు. ఒకటి తీసి పారేస్తే మిగతావి బాగుంటాయేమోనని వెతికింది. అన్నీ అంతే. పార తీసుకుని మొక్కల మొదట్లో గొయ్యి తీసి, వాటన్నిటినీ అందులో పోసి మట్టి కప్పింది. కప్పిన తర్వాత ఆ మట్టి దిబ్బను చూసి ఆమెకు దుఃఖం ఆగలేదు. అతను పోయిన రోజున రాని ఏడుపు అది. పార మీద గడ్డం ఆనించుకుని, పక్కింటికి వినబడకుండా ఏడ్చింది.

మొక్కలు అక్కడితో ఆగలేదు. ఇంకో గంపెడు పండ్లు పండి ఉన్నాయి.

వాటిని కోసి చెక్కలు చేసి ఇంకా చట్రాల మీద పేర్చకముందే, పైనుంచి తాడు కట్టిన ప్లాస్టిక్ బకెట్టు ఒకటి గోడకు తగులుతూ, ఊగుతూ దిగింది. ఆమె పక్కనే నేలకు ఆనింది.

"అందులో వెయ్యి," అంది అత్తగారు. "ఇక్కడ బోలెడు ఎండ. కాలు పెడితే బొబ్బలెక్కుతోంది."

"పైన ఎండ మీది అత్తయ్యా. మాకెందుకు?"

"ఎండకి కూడా వాటాలేశారా? నాకు చెప్పలేదే."

చిన్నకోడలు నవ్వలేదు. బకెట్టు అలాగే నేల మీద ఉంది. పైన ముసలావిడ తాడు చేతికి చుట్టుకుని ఎదురుచూస్తోంది. తాడు కొద్దికొద్దిగా వణకడం కింద నుంచి కూడా కనబడింది. అది కోపంతో వద్దనదగ్గ చెయ్యి కాదు, ముసలి చెయ్యి. ఆ వణుకు చూడలేక చిన్నకోడలు గిన్నెలోని చెక్కలు బకెట్టులోకి వొంపింది.

"మెల్లిగా లాగండి. పడగలరు."

"నువ్వు పుట్టకముందు నుంచీ నీళ్ళు తోడినదాన్ని."

అలా మొదలైంది. పొద్దున్నే కోసిన చెక్కలు పైకి వెళ్ళేవి. పొద్దు వాలేవేళకు అవి మెత్తబడి, ముడుచుకుని, బకెట్టులో అడుగుకి దిగిపోయి తిరిగి వచ్చేవి. మర్నాడు మళ్ళీ పైకి. రెండోసారి వచ్చినప్పుడు అవి అడుగున కొన్ని, పైన కొన్ని విడివిడి గుడ్డల్లో మూటగట్టి ఉన్నాయి. "పైమూట ఎండినట్టే. వంచి చూడు, తోలులా వంగాలి, విరగకూడదు. కిందివి ఇంకా జిడ్డుగా ఉన్నాయి, రేపు మళ్ళీ పంపు," అని పైనుంచి కేకేసింది అత్తగారు. వంచి చూస్తే నిజంగానే తోలులా వంగాయి. చిన్నకోడలు వాటిని గాజు సీసాలో వేసి, మూత పెట్టి, లోపల చెమ్మ పడుతుందేమోనని మర్నాటిదాకా గమనించింది. అద్దం పొడిగా ఉంది.

ఆ మధ్యాహ్నం తలెత్తి చూస్తే పిట్టగోడ వెనక నల్లగొడుగు ఒకటి విప్పి కట్టి ఉంది. అత్తగారు దాని కింద స్టూలు మీద కూర్చుని కాకుల్ని అదిలిస్తోంది. బట్టలారేసుకునే తాడు ఇవతలి నుంచి తీసి డాబా అవతలి చివరకి మార్చారు. దుప్పట్ల నీడ టమాటాల మీద పడకుండా కాబోలు. గొడుగు కట్టడం, తాడు మార్చడం ముసలావిడ వల్ల అయ్యే పనులు కావు. తోడికోడలు చేసి ఉంటుందనుకుంది. ఆ సాయంత్రం ఇనుప మెట్లు మోగాయి. బావగారు తల వంచుకుని, కింది కిటికీ వైపు చూడకుండా పైకెక్కుతున్నాడు. చేతిలో కొత్త దోమతెర చుట్ట ఉంది. ఆమె కిటికీ రెక్క వేసేసింది.

పని ఇద్దర్నీ మాట్లాడించింది. ఉప్పు ఎక్కువైందనో, ముక్కలు మందంగా ఉన్నాయనో పైనుంచి మాట వచ్చేది. కిందనుంచి సరే అనో, చూస్తాననో జవాబు వెళ్ళేది. ఇస్త్రీ పిన్ని గోడ మీద నుంచి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "అత్తాకోడళ్ళకి మధ్య బకెట్టంత దూరం ఉంటేనే మంచిదే. మా అత్తకీ నాకూ కూడా ఉండాల్సింది," అంది. అత్తగారు పైన కిసుక్కున నవ్వింది. చిన్నకోడలికి ఆ నవ్వు నచ్చలేదు. కొడుకు పోయి ఇంకా మట్టి ఆరలేదు, ఈవిడకి నవ్వెలా వస్తోంది అనుకుంది.

ఆ కోపం మర్నాడు బయటపడింది. అత్తగారు బకెట్టు లాగబోతూ చెక్కలు చూసి, "వాడైతే ఇంకా సన్నగా కోసేవాడు. వాడి చేతిలో అన్నీ ఒక్క కొలతే," అంది.

చిన్నకోడలు తాడు పట్టుకుని ఆపేసింది.

"ఇప్పుడు గుర్తొస్తున్నాడా అత్తయ్యా, మీ కొడుకు? ముందుగదిలో పడుకోబెట్టిన రోజు ఒక్కసారి దిగొచ్చి మొహం చూడలేదు. ఊరంతా వచ్చింది. ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా వచ్చి ఏడ్చారు. మీరు పైనే ఉండిపోయారు. ఇప్పుడు ఆయన కోతల గురించి నాకు చెబుతున్నారా?"

గోడ అవతల ఇస్త్రీ పెట్టె చప్పుడు ఆగింది.

"ఎలా దిగనమ్మా?" అంది అత్తగారు. గొంతులో కోపం లేదు. "కింద తాళం మీరు తియ్యలేదు."

"కింద తాళమేంటి? పైన మీ పెద్దబ్బాయి వేసిన తాళం మాట చెప్పండి."

"ఆ తాళం ఆరోజే సుత్తితో బద్దలుకొట్టాడు. కబురు వినగానే. చెవి వెతకడానికి కూడా ఆగలేదు. ఈ ఇనుప మెట్లు నా మోకాళ్ళకి పడవు కదా. నన్ను పట్టుకుని లోపలి మెట్లు ఒక్కొక్కటీ దింపాడు. కిందికొస్తే కటకటాలకి మీ తాళం. వాడు అక్కణ్ణించి పిలిచాడు. గొంతు బొంగురుపోయేదాకా పిలిచాడు. కింద అన్ని ఏడుపుల్లో ఎవరికి వినబడుతుంది? నన్ను అక్కడే కూర్చోబెట్టి పైకెళ్ళి, ఇనుప మెట్లు దిగి, చుట్టూ తిరిగి నీ దగ్గరకొచ్చాడు. తాళంచెవి అడిగాడు."

చిన్నకోడలి చేతిలో తాడు వదులైంది.

"నువ్వు మొహం తిప్పుకున్నావుట. దుఃఖంలో ఉంది, ఇంకోసారి అడగలేనమ్మా అన్నాడు వాడు. పగలగొడదామని సుత్తి తెచ్చేసరికి బండి వచ్చేసింది. నేను ఆఖరి మెట్టు మీదే ఉన్నాను. నడవ చివర గుమ్మంలోంచి నా చిన్నకొడుకు పాదాలు కనబడుతున్నాయి. రెండూ కనబడ్డాయి. అవి లేపేదాకా చూశాను."

"నాకెందుకు చెప్పలేదు?" అంది చిన్నకోడలు.

"చెప్తే? వాడి మొహం తిరిగొస్తుందా? మా మీద కోపంతో ఇవ్వలేదనుకున్నాం. ఉండొద్దూ కోపం? మేమేం తక్కువ చేశామా మీకు?"

ఆమెకు ఆ రోజు కళ్ళముందుకు వచ్చింది. జనం మధ్యలోంచి బావగారు వచ్చి తన ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మొహమంతా చెమట. 'అమ్మాయ్, తాళంచెవులు... తాళంచెవులెక్కడమ్మా' అన్నాడు. తనకు వినబడింది ఆ ఒక్క మాటే. దాన్నే ఇన్నాళ్ళూ వీధిలో అందరికీ చెప్పింది. ఆ మాట వెనక, మెట్ల చీకట్లో ఒక తల్లి కూర్చుని ఉందని తనకు తోచలేదు. అక్కడున్న ఎవరికీ తోచలేదు.

బకెట్టు నేల మీద వదిలేసి ఇంట్లోకి వెళ్ళింది. అలమారు కింద అరలో ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన సంచీ ఉంది. దాని మూతి ఆమె ఇప్పటిదాకా విప్పలేదు. విప్పింది. చొక్కా, ప్యాంటు, ఒక చెప్పుల జత. చొక్కా మడతలో ఇంకా సిరా వాసన ఉంది. ప్యాంటు జేబులో చెయ్యి పెడితే ముందు పురికొస ముక్క తగిలింది. ఆ రోజు సాయంత్రం వచ్చి ఏదో మొక్కను కట్టాలనుకుని ఉంటాడు. దాని కింద తాళంచెవుల గుత్తి.

నడవలో మెట్ల కింద చీకటిగా ఉంది. కటకటాలకు అవతల సాలెగూళ్ళు పట్టలేదు. మెట్లు తుడిచినట్టు శుభ్రంగా ఉన్నాయి, ఎవరో తరచూ దిగి వస్తున్నట్టుగా. ఆఖరి మెట్టు మీద ఒక పాత దిండు వేసి ఉంది. దిండు మధ్య గుంటపడి ఉంది. ఆమె దాన్ని చూస్తూ ఉండిపోయింది. తను వంటింట్లో గిన్నెలు కడుక్కునే చోటుకు అది ఎంతో దూరం లేదు. ఇన్నాళ్ళూ తను ఒక్కతే ఉన్నాననుకున్న ఇంట్లో, గోడ పక్కనే ఈవిడ కూర్చుని వెళుతూ ఉండేదన్నమాట.

తాళం బిగుసుకుపోయింది. మిషనుకు వేసే నూనె తెచ్చి చుక్కలు వేసి, మళ్ళీ తిప్పింది. చెవి వేళ్ళకు ఒత్తుకుంది. మూడో ప్రయత్నానికి తాళం నోరు తెరిచింది. తలుపు మాత్రం నేలను గీరుకుంటూ కష్టంగా కదిలింది.

ఆ చప్పుడుకు పైన అడుగులు వినబడ్డాయి. మెట్ల మలుపు దగ్గర అత్తగారు కనబడింది. వెనక తోడికోడలు ఆవిడ భుజం పట్టుకుని ఉంది. చిన్నకోడలు పైకి ఎక్కబోయింది.

"నువ్వు ఎక్కకు. నేను దిగుతాను," అంది అత్తగారు.

దిగింది. ఒక్కో మెట్టు మీదా కూర్చుని, రెండు చేతులూ ఆనించి, కాళ్ళు కిందికి జార్చి, మళ్ళీ కూర్చుని. పసిపిల్లలు దిగినట్టు. ఆవిడ అరచేతులకు ఉప్పు, ఎర్రటి టమాటా రసం అంటుకుని ఉన్నాయి. మెట్టు మెట్టుకీ వాటి గుర్తులు పడ్డాయి. మధ్యలో ఒకసారి ఆగి ఆయాసపడింది. ఎవరూ తొందరపెట్టలేదు. దిండున్న మెట్టు దాటి నడవలోకి వచ్చి, గోడ పట్టుకుని నిలబడింది.

చిన్నకోడలు ఆవిడ చెయ్యి అందుకుంది. "అత్తయ్యా, నేను..." అంది.

"ఎక్కడ పడుకోబెట్టారు?" అంది అత్తగారు.

చిన్నకోడలు ఆవిణ్ణి ముందుగదిలోకి తీసుకెళ్ళింది. యూనిఫారాల గుట్టను పక్కకి జరిపి, కుర్చీని గోడకు చేర్చి, కిటికీ కింద నేల చూపించింది.

"ఇక్కడ. తల ఇటు."

అత్తగారు నెమ్మదిగా కింద కూర్చుంది. తల ఉన్నదని చూపించిన చోటు మీద అరచెయ్యి పెట్టింది. చల్లటి నేల. ఆవిడ చెయ్యి అక్కడక్కడే, నుదుటి మీద జుట్టు వెనక్కి నెట్టినట్టు, నిమురుతూ ఉంది. మొదట కన్నీళ్ళు రాలేదు. తర్వాత భుజాలు కదలడం మొదలైంది. చిన్నకోడలు పక్కన కూర్చుని ఆవిడ వీపు చుట్టూ చెయ్యి వేసింది. తమ ఇద్దరిలో ఎవరు ఎవర్ని పట్టుకున్నారో తెలియనంత దగ్గరగా చాలాసేపు ఏడ్చారు.

బయట వెలుతురు తగ్గింది. ఎక్కడో ఉరిమింది. చిన్నకోడలు ఉలిక్కిపడి లేవబోయింది. పైన డాబా నిండా టమాటాలు ఉన్నాయి. అత్తగారి చెయ్యి ఆమె మణికట్టు మీద బిగుసుకుంది.

మెట్ల మీద నుంచి తోడికోడలి గొంతు వినబడింది. తాళాలు పడ్డ నాటి నుంచీ ఆ మనిషి తనతో మాట్లాడలేదు.

"చెల్లీ, మబ్బు పట్టింది. మీ బావగారు కూడా వచ్చారు. టమాటాలు మేం తీస్తాం, నువ్వు లేవకు."